పాల బండి తాళం, ఒక పిన్నీసు

బండి తాళంచెవి ఒంటిగనే ఉండాలె. దానికి ఇంటి తాళంచెవులు తోడు వద్దు, దేవుని బిళ్ల వద్దు, రంగురంగుల కుచ్చులు అసలే వద్దు. మా మనుమరాలు కొత్త స్కూటీ తాళంచెవికి మూడు బొమ్మలు ఏలాడదీస్తే మొన్ననే విప్పి పక్కకు పెట్టిన. ఈ ముసలిదానికి ఏం తెలుసు అన్నట్టు చూసింది. నాకు తెలుసు. పదమూడేండ్లు పాల బండి నడిపించిన. నడిపిన అంటలేను, నడిపించిన అంటున్న. స్టీరింగు మీద చెయ్యి నాది కాదు, తాళంచెవి మాత్రం నాది. ఆ తాళంచెవి ఎంబడి పడి ఒక మంచి మనిషిని పదిమంది ముందట దొంగను చేసిన. ఆ సంగతి రాద్దామనే ఈ కాయితాలు ముందట వేసుకున్న. పాల పనిలనో, బండ్ల పనిలనో కొత్తగ దిగేటోళ్లు చదువుకుంటే మంచిదే. నాలుగో తరగతి కాడ నా బడి బందయింది. అక్షరాలు వంకర పోతే మీరే సరిజేసుకోండి.

మాది ఎల్లారెడ్డి. మా ఇంటాయన మొదట సైకిలుకు రెండు క్యాన్లు కట్టుకొని ఊర్లల్ల పాలు జమ చేస్తుండె. తర్వాత ఒక పాత డీజిల్ ట్రాలీ బండి కొన్నడు. ముందట ముగ్గురు కూసునే జాగ, ఎనుక క్యాన్లు పెట్టే తొట్టి. అది కొనేనాటికే దాని రంగు ఏందో ఎవ్వరు చెప్పలేకుండిరి. కొన్న రెండేండ్లకు ఆయన పోయిండు. బండి నాకు మిగిలింది, బండితోని డ్రైవరు మిగిలిండు.

ఆ డ్రైవరు బండి పాత సేటు కాడ ఉన్నప్పటిసంది దాన్నే తోలుతున్నడు. సేటు బండి అమ్మితే ఈయన బండి ఎంబడే మా ఇంటికొచ్చిండు. ముస్లిం మనిషి, అందరు భాయ్ అంటుండిరి, నేను గూడ గట్లనే పిలుస్తుంటి. మా ఇద్దరికి వయసుల పెద్ద తేడా లేదు గని నన్ను అమ్మా అనేటోడు. తక్కువ మాట్లాడేటోడు. బండి గురించి మాత్రం మనిషి గురించి చెప్పినట్టు చెప్పేటోడు. ఇయ్యాల దీనికి పానం బాగలేదమ్మా, గేరు గులుగుతున్నదమ్మా, అని. నేను బండికి పానమేంది, డీజిల్ పోస్తే నడుస్తది, అనేదాన్ని.

పని గిట్ల ఉండె. పొద్దు పొడవకముందే భాయ్ వస్తడు. నేను నడుముల నుంచి తాళంచెవుల గుత్తి తీసి ఇస్త. ఆయన చుట్టు ఊర్లు తిరిగి పాల క్యాన్లు ఎక్కించుకొని వస్తడు. ఆ లోపట ఎల్లారెడ్డిల నా కాడికి గంజుల్ల, చెంబుల్ల పాలు తెచ్చేటోళ్లవి నేను కొలిచి, నీళ్లు కలిసినయో లేదో గాజు గొట్టం ముంచి చూసి క్యాన్లల్ల పోస్త. ఆయన రాంగనే అన్ని ఎక్కించుకొని తాడ్వాయి మీదికెల్లి కామారెడ్డికి పోతం. ఆడ పాలు చల్లబరిచే కేంద్రం ఉండె. ఎండ ముదరకముందు చేరాలె. చేరకుంటే పాలు విరుగుతయి, కేంద్రమోళ్లు మూత తీసి వాసన చూసి చెయ్యి ఊపుతరు. ఆ చెయ్యి ఊపుడుకు జవాబు ఉండదు.

ఇప్పుడు గుత్తి సంగతి. మా ఇంటి తాళంచెవులన్ని ఒక్క గుత్తిల ఉండాలె అనేది మా అత్త పెట్టిన పద్ధతి. ఇంటి తలుపుది, సందుగది, దాణా అర్రది, క్యాన్ల అర్రది, నీళ్ల మోటారు డబ్బాది, ఎన్నడో అమ్మిన సైకిలుది గూడ. అమ్మిన సైకిలు తాళంచెవి ఎందుకంటే, ఇనుము పారేస్తమా. బండి కొన్ననాడు దాని తాళంచెవి గూడ అందుల్నే ఎక్కించిన. గుత్తి నడుముకు చెక్కుకుంటే నడుస్తున్నప్పుడు చప్పుడొచ్చేది. ఆ చప్పుడు వింటే కోడండ్లు, పనోళ్లు సక్కగ నిలబడేటోళ్లు. నాకు గది ఇష్టం, అబద్ధమెందుకు.

గంత గుత్తి బండి తాళంల ఏలాడుకుంట, గుంతల రోడ్డు మీద పొద్దంత ఊగుకుంట పోయేది. భాయ్ ఒకసారి అన్నడు.

"అమ్మా, చాబీ చాబీ లెక్క ఉండాలె. ఇది ఎద్దు మెడల గంట లెక్కున్నది."

"ఇన్నేండ్లసంది నా నడుము మోస్తున్నది, నీ బండి మొయ్యదా?" అన్న.

"నీ నడుము గట్టిది," అన్నడు నవ్వుకుంట. మల్ల ఆ మాట ఎత్తలేదు.

ఇంకొక పద్ధతి ఉండె. బండి కొన్న ఏడు దసరాకు మా ఇంటాయన బండి కడిగి, పసుపు తడిపి, ముందటి అద్దానికి, స్టీరింగుకు బొట్లు పెట్టి, చివరికి తాళం రంధ్రం మీద గూడ ఒక బొట్టు పెట్టిండు. ఈడికెల్లే బండి లేస్తది, బండి పానం ఈడ్నే ఉంటది, అన్నడు. ఆయన పోయినంక నేను దసరాకే గాకుండ ప్రతి శుక్రవారం పెట్టుడు మొదలు పెట్టిన. తానం చేసి, గడప అలంకరించి, అదే గిన్నెతోని బండి కాడికి పోయి, ఉంగరం వేలుతోని పసుపు తాళం మీద ఒత్తి, దాని మీద చిటికెడు కుంకుమ. కండ్లు మూసుకొని మొక్కేదాన్ని. అప్పులు లేకుండ, పాలు విరగకుండ, బండి ఆగకుండ చూడమని.

నాలుగైదేండ్లకు తాళం పట్టుడు మొదలైంది. తాళంచెవి లోపలికి పోతది గని తిరుగదు. భాయ్ స్టీరింగు అటు ఇటు ఊపుకుంట, తాళంచెవి కొంచెం ఎనుకకు గుంజి, ఓపికగ తిప్పేటోడు. చంటిపిల్లకు జోల పాడినట్టు ఉండేది ఆయన చెయ్యి. ఒక్కోనాడు నిమిషం, ఒక్కోనాడు పది నిమిషాలు. తాళం సెట్టు మార్పిద్దాం అన్నడు. నేను వద్దన్న. లేస్తున్న బండికి కొత్త తాళమెందుకు? నూనె పొయ్యి, అదే తిరుగుతది అన్న. నూనె గూడ కొత్తది కాదు. గారెలు కాల్చినంక గిన్నెల మిగిలిన నూనె వడగట్టి ఒక సీసల పెట్టుకునేదాన్ని, తలుపు బందులకు, గొళ్లాలకు. అదే సీస తెచ్చి నా చేతుల మీదనే తాళంల నాలుగు చుక్కలు పోసేదాన్ని. పోసిన రెండు రోజులు మంచిగ తిరిగేది. చూసినవా, అని భాయ్ దిక్కు చూసేదాన్ని. ఆయన తల ఊపేటోడు. అది ఒప్పుకున్నట్టు తల ఊపుడు కాదని ఇప్పుడు తెలుస్తున్నది.

పదో ఏడు ఎండకాలం డీజిల్ తొందరగ అయిపోవుడు మొదలైంది. అవే ఊర్లు, అదే తొవ్వ. అంతకుముందు వారం వచ్చే డీజిల్ ఐదు రోజులు వస్తలేదు. నాకు చదువు తక్కువ గని గిట్లాంటి లెక్క నోటి మీదనే ఉంటది. భాయ్‌ను అడిగిన. ఎండలకు బండి ఎక్కువ తాగుతదమ్మా, అన్నడు. నా కండ్లల్లకు చూడకుండ అన్నడు. అంతే, నా మనసుల ఒక ముల్లు పడ్డది. అప్పటిసంది ఆయన చేసే ప్రతి పని వంకరగనే కనవడ్డది. ఆయన పాన్ డబ్బ కాడ నిలవడ్డా, ఎవ్వరితోనన్న మాట్లాడినా, ఏం అమ్ముతున్నడో అనిపించేది.

ఒక శుక్రవారం కామారెడ్డిల పాలు దింపినం. ఆడ గూడ బండి ఆగంగనే గుత్తి నా చేతికి రావాలె, అది నా ఖాయిదా. గుత్తి నడుముకు చెక్కుకొని, పాలు చూసే ఆయన కాడికి లోపలికి పోయిన. శుక్రవారం మధ్యాహ్నం భాయ్ నమాజుకు పోయి వస్తడు, అప్పటిదాక నేను ఆడ్నే నీడకు కూసుంట. ఆనాడు క్యాను మూత ఒకటి బండిల మర్చిపోయినమని మల్ల బయటికొచ్చిన. చూస్తే, భాయ్ డ్రైవర్ సీటు మీద వంగి, తాళం రంధ్రంల ఏందో పెట్టి తిప్పుతున్నడు. దగ్గరికి పోయిన. పిన్నీసు.

తాళంచెవేమో నా నడుముకు ఉన్నది. ఈయనేమో పిన్నీసు పెట్టి తాళం తిప్పుతున్నడు. డీజిల్ ఏమో తగ్గుతున్నది. నాకు మొత్తం తెలిసిపోయిందనుకున్న. నేను లోపల కూసున్నప్పుడు ఈయన తాళంచెవి లేకుండ బండి లేపుకొని కిరాయికి తిరుగుతున్నడు, లేకుంటే డీజిల్ గుంజుతున్నడు. మనిషికి అనుమానం వచ్చినప్పుడు తెలివి గూడ ఎక్కడలేనిది వస్తది.

"ఏం చేస్తున్నవ్ భాయ్?" అన్న.

ఉలిక్కిపడ్డడు. "సాఫ్ చేస్తున్ననమ్మా."

"ఏం సాఫ్ చేస్తున్నవ్? నా డీజిలా?"

ఆ మాట మెల్లగ అనలేదు. ఆడ ఐదారు పాల బండ్లున్నయి, వాటి డ్రైవర్లున్నరు, క్యాన్లు కడిగేటోళ్లున్నరు. అందరు ఇటు తిరిగిండ్రు. నేను ఆగలేదు. ఇన్నేండ్లు నా ఉప్పు తిన్నవు అన్న. డీజిల్ దొంగ అన్న. ఇంకేమేమో అన్న, అవన్ని రాయను, రాస్తే ఇంకొకసారి అన్నట్టయితది.

ఆయన పిన్నీసు మూసి అంగి జేబుకు పెట్టుకున్నడు. ఆనాడు నమాజుకు గూడ పోలేదు. చెయ్యి చాపితే గుత్తి ఇచ్చిన. తాళం ఒక్కసారికే తిరిగింది. అది గూడ నేను గమనించలేదు. ఇంటి ముందట బండి పెట్టి, గుత్తి నా చేతుల పెట్టి, ముందటి డబ్బాల నుంచి తన టోపీ, తువ్వాల తీసుకొని నడుసుకుంట పోయిండు. రేపటిసంది రావొద్దు అని ఎనుక నుంచి అన్న. ఆయన ఎట్లాగు వచ్చేటట్టు లేడు.

కొత్త డ్రైవరు దొరికిండు. చెయ్యి జోరు మనిషి. తాళం తిరుగకుంటే జోల పాడేటోడు కాదు, కుస్తీ పట్టేటోడు. నేను శుక్రవారం శుక్రవారం బొట్టు పెడుతనే ఉన్న, నూనె పోస్తనే ఉన్న. మూడు వారాలు గడిచినయి.

నాలుగో వారంల ఒకనాడు తాడ్వాయిల చాయ్ తాగుతనని బండి ఆపిండు. ఎనుక తొమ్మిది క్యాన్ల పాలున్నయి, ఎండ ఎక్కుతున్నది. చాయ్ కామారెడ్డిల తాగు అన్న, వినలేదు. తాగి వచ్చి తాళంచెవి తిప్పితే తిరుగలేదు. ఊపిండు, గుంజిండు, తిట్టిండు. నేను నూనె సీస తెచ్చుకోలేదే అనుకుంటున్న. ఆయన రెండు చేతులతోని పట్టి తిప్పిండు. టక్కుమన్నది. బండి లేచిందనుకున్న. చూస్తే గుత్తి ఆయన చేతుల ఉన్నది, తాళంచెవి సగం తాళంల ఉన్నది.

కేంద్రానికి ఫోన్ చేస్తే వాళ్ల బండి మధ్యాహ్నం దాక రాదన్నరు. తొవ్వల పోయే ఇంకో పాల బండాయన రెండు క్యాన్లు ఎక్కించుకున్నడు, ఆయన కాడ గూడ జాగ లేదు. రెండు క్యాన్ల పాలు చాయ్ హోటలాయన పొయ్యి మీద కాగబెట్టించిన. మిగిలిన ఐదు క్యాన్ల మీద తడి గోనె సంచులు కప్పి, గంటకోసారి మూత తీసి వాసన చూసుకుంట కూసున్న. కొత్త డ్రైవరు బస్సెక్కి కామారెడ్డికి పోయి తాళాల మిస్త్రీని తోల్కొచ్చేవరకు ఆ ఐదు క్యాన్లు పోయినయి. ఏ ఇంటి పాలు ఏ క్యానుల ఉన్నయో నాకు తెలుసు. ఒక్క బర్రె ఉన్నోళ్ల పాలు గూడ అందుల ఉన్నయి. వాళ్లకు నేను జవాబు చెప్పుకోవాలె. ఆనాడు ఇంతకంటె పెద్ద నష్టం ఉండదనుకున్న.

మిస్త్రీ ముసలాయన. తాళం మొత్తం ఊడబెరికి, సీటు మీద పేపరు పరిచి, విరిగిన ముక్క తీసి, తాళం విప్పిండు. లోపలి ఇత్తడి గొట్టాన్ని పేపరు మీద తట్టిండు. రాలినయి చూస్తే నాకు మొదట సమజ్ కాలేదు. పసుపు పచ్చగ, అంచులు ఎర్రగ, గట్టిగ, పాత గడప మీద పెచ్చులు లేసినట్టు ముక్కలు ముక్కలు రాలినయి. మిస్త్రీ ఒక ముక్క గోటితోని గీకి వాసన చూసిండు.

"ఇది తాళమా అమ్మా, గుడి గడపనా?"

ఆయన తన పనిల తానుండి చెప్పుకుంట పోయిండు. పసుపు, కుంకుమ ఉత్తగ పడితే ఊదితే పోతయట. నూనె పోస్తే దుమ్ముతోని కలిసి సిమెంటు అయితదట. గంత బరువు గుత్తి ఏలాడి ఏలాడి లోపల పండ్లు గూడ అరిగినయట. తాళంల నూనె ఎన్నడు పొయ్యొద్దట, పెన్సిలు ములుకు నూరి ఆ పొడి ఊదాలెనట. అన్ని వింటున్న. తర్వాత ఆయన ఆ ఇత్తడి ముక్కను ఎండకు పెట్టి చూసి, నా ముందటికి జరిపిండు.

"ఇది ఇన్ని రోజులు తిరిగిందంటేనే కరామత్. ఎవ్వరో ఓపికమంతుడు సూదితోని వారం వారం గీకిండు. చూడు, గీతలు. పాతయి మీద కొత్తయి. ఈ మధ్య గీకుడు బంద్ చేసినట్టున్నడు."

చూసిన. రంధ్రం పొంటి ఇత్తడి మీద సన్నటి గీతలు, వందల గీతలు, ఎండకు మెరుస్తున్నయి.

ఇంకొక మాట గూడ ఆయనే అన్నడు, నేను అడగకుండనే. గిట్ల పట్టే తాళం ఉంటే డ్రైవర్లు ఊర్లల్ల ఇంజను బంద్ చెయ్యరట. బంద్ చేస్తే మల్ల లేవదని భయం. నడుస్తనే ఉంటది, డీజిల్ మండుతనే ఉంటది.

ఎండల, ఆ చాయ్ హోటలు బల్ల మీద, విరిగిన పాల వాసన నడుమ కూసొని, నేను మొత్తం ఎనుకకు చూసుకున్న. శుక్రవారం పొద్దున నేను పసుపు నింపుతున్న, శుక్రవారం మధ్యాహ్నం ఆయన తీస్తున్నడు. గుత్తి నా నడుముల ఉంటెనే రంధ్రం ఖాళీగ ఉంటది గనుక అప్పుడే తీస్తున్నడు. ఎల్లారెడ్డిల నా కండ్ల ముందట తీయలేక కామారెడ్డిల తీస్తున్నడు. డీజిల్ సంగతి అడిగితే నా కండ్లల్లకు చూడకపోయింది దొంగతనం చేసి కాదు. కారణం చెప్పాలంటే నా బొట్టు గురించి చెప్పాలె.

ఆ పచ్చటి పెచ్చులను పేపర్ల చుట్టి కొంగుకు కట్టుకున్న.

తెల్లారి భాయ్ ఇంటికి పోయిన. అన్నేండ్లు పని చేసినా ఆయన ఇల్లు నేను చూడలేదు. మా ఇంటికి పది నిమిషాల నడక. ఆయన లేడు, ఆయన భార్య బీడీలు చుట్టుకుంట అరుగు మీద ఉన్నది. నన్ను చూసి లేచి నిలవడ్డది, చాప వేసింది, నీళ్లిచ్చింది. బీడీల చేట మల్ల ఒడిల పెట్టుకొని చుట్టుడు ఆపలేదు. బీడీలు చుట్టే చేతులకు కోపం వస్తే దారం గట్టిగ పడుతది, నాకు తెలుసు, చిన్నప్పుడు నేను గూడ చుట్టిన.

భాయ్ ఏడి అన్న. బియ్యం మిల్లుల సంచులు మోస్తున్నడన్నది. డ్రైవరు పని ఎందుకు చూసుకోలేదు అని అడగబోయి ఆగిన. ఆమెనే చెప్పింది. పిట్లం దాక పోయి అడిగొచ్చిండట. పాల బండ్లోళ్ల నోట నా మాట ఆయన కంటె ముందుగాల పోయిందట.

నేను కొంగు విప్పి ఆ పేపరు ఆమె ముందట పెట్టిన. చూసింది. ఏందని అడగలేదు. ఆమెకు తెలుసు.

"ఆ పిన్నీసు నాదే," అన్నది. "శుక్రవారం పొద్దున నా ఓణీకి ఉన్నది తీసుకపోతుండె. సాయంత్రం మల్ల తెచ్చిస్తుండె. నేను నవ్వేదాన్ని, ఏం పనయ్యా నీకు, ఆమెకు చెప్పరాదా అని."

అప్పుడే భాయ్ వచ్చిండు. భుజం మీద సంచి మరక, తల మీద ఊక. నన్ను చూసి సలాం చేసిండు, ఎప్పటి లెక్కనే. ఆ సలాం నాకు తట్టుకునుడు కష్టమైంది. పేపరు చూపెట్టి, నాకు ఎందుకు చెప్పలేదు భాయ్ అని అడిగిన. దాంట్ల గూడ కొంచెం కోపమే ఉండె. నా గొంతు గంతే, మెత్తగ రాదు.

ఆయన తల మీది ఊక దులుపుకొని అన్నడు.

"నువ్వు కండ్లు మూసుకొని మొక్కుతవమ్మా దానికి. నేను, ఇంకో తీరు మొక్కేటోన్ని, ఆడ బొట్టు పెట్టకు అని ఎట్ల చెప్పాలె? పిన్నీసుతోని పోయేదానికి మాట ఎందుకని."

నేను తప్పయింది అన్న. ఆ మాట నా జీవితంల ఎన్నిసార్లు అన్ననో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పనికి రా అన్న. ఆయన ఏదో అనబోతే భార్య చేట పక్కకు పెట్టింది.

"అమ్మా, దొంగ అన్నది నలుగురి ముందట. తప్పయిందన్నది మా అరుగు మీద."

భాయ్ ఆమెను వద్దన్నట్టు చూసిండు. ఆమె మాట ఎనుకకు తీసుకోలేదు. నేను గూడ తీసుకోమనలేదు.

మిస్త్రీ కొత్త తాళం పెట్టిండు. గుత్తి నుంచి బండి తాళంచెవిని విడదీసిన. వచ్చే శుక్రవారం ఒక్కనాడు బండి తోలమని భాయ్‌ని అడిగిన, వచ్చిండు. కామారెడ్డిల పాలు దింపే యాల్లకు అదే జాగల, అవే బండ్లు, అదే మనుషులు. పొద్దున్నుంచి నేను మనసుల ఆ మాటలు వరుస పెట్టుకుంటున్న. ఆడ నిలవడ్డంక వరుస మొత్తం పోయింది. గొంతు పెద్దది చేసిన, అంతే.

"నెల రోజుల కింద ఈడ్నే నేను ఈ భాయ్‌ని డీజిల్ దొంగ అన్న. ఈయన దొంగ కాదు. తాళం పాడు చేసింది నేను. బాగు చేసింది ఈయన. తప్పు నాది."

క్యాన్లు కడిగే ఆమె నీళ్ల గొట్టం బంద్ చేసింది. పాలు చూసే ఆయన గాజు గొట్టం క్యానుల అట్లనే ముంచి పెట్టి నిలవడ్డడు. ఒక డ్రైవరు నవ్వబోయి ఆపుకున్నడు. అందరికంటె ముసలి డ్రైవరు ఒకాయన అన్నడు, మరి మేం గూడ నలుగురికి చెప్పినం గద అవ్వా, మేమేం చెయ్యాలె, అని. ఎక్కడెక్కడ చెప్పిండ్రో అక్కడక్కడికి పోయి ఇది గూడ చెప్పుండ్రి అన్న. సరే అన్నరు. ఎంతమంది చెప్పిండ్రో తెల్వదు. మొదటి మాట అయితే బండి కట్టినట్టు ఉరికింది, ఈ మాటకు కాళ్లు గూడ లేకుండె.

భాయ్ ఇదంత అయ్యేదాక తల వంచుకొని ఒక క్యాను మూత తుడుస్తనే ఉన్నడు. అయినంక నమాజుకు పోయి వచ్చిండు.

సాయంత్రం ఇంటి ముందట బండి ఆపి, ఎప్పటి లెక్కనే తాళంచెవి నా దిక్కు చాపిండు. ఒక్కటే తాళంచెవి, చప్పుడు లేదు. నేను చెయ్యి చాపలేదు. నీ కాడ్నే ఉండనియ్యి భాయ్, పొద్దున ఊర్లకు నువ్వే పోతవు గద, అన్న. పదేండ్లల్ల నేను ఎవ్వరికి అనని మాట.

ఆయన తాళంచెవిని కిటికీ గూట్లె పెట్టిండు.

"వీసా వచ్చిందమ్మా. మిల్లుల ఉన్నప్పుడే పాస్‌పోర్టు ఇచ్చిన. వచ్చే నెల దుబాయి."

ఆ వయసుల దుబాయి పోయేటోళ్లు ఉండరు. పోయేటోళ్లు పాతికేండ్లోళ్లు, ముప్పై ఏండ్లోళ్లు. నేను ఆపుదామనుకున్న, ఏమని ఆపాలె? నాలుగు వారాలు ముందు గిదే గొంతు గింత తక్కువ చేసి, ఏం చేస్తున్నవ్ భాయ్ అని అడిగి జవాబు కోసం ఆగితే సరిపోతుండె.

మీకు చెప్పేదేందంటే, నేను చేసిన తప్పు బొట్టు పెట్టుడు కాదు, నూనె పోసుడు గూడ కాదు. అవి తెల్వక చేసినయి, మిస్త్రీ ఒక్క మాటతోని పోయినయి. ఆ తాళంల చెయ్యి పెట్టినోన్ని నేను పదేండ్లు చూసిన. డీజిల్‌ను ఒక్క ఎండకాలం చూసిన. ఆ డీజిల్ లెక్కనే నమ్మిన. పొదుపు మనిషిని గద, లెక్క అనంగనే నమ్ముత. మీరు పనిల ఉన్నప్పుడు ఎవ్వరన్న మీ కంటికి వంకరగ కనవడితే, మొదలు పక్కకు తీసుకపోయి అడుగుండ్రి. పదిమందిల అడిగేది అడుగుడు కాదు.

పోయేముందు ఆయన భార్య మా ఇంటికి వచ్చింది, మొదటిసారి. కూసొమ్మంటే కూసోలేదు. ఓణీకి ఉన్న పిన్నీసు తీసి నా చేతుల పెట్టింది. ఇది మాకు ఇగ ఎందుకమ్మా, శుక్రవారాలు నువ్వే చూసుకోవాలె గద, అన్నది. మెత్తగనే అన్నది. ఆ మెత్తదనం నాకు ఇప్పటికి దిగలేదు.

భాయ్ నాలుగేండ్లకు తిరిగొచ్చిండు. అప్పటికి నేను పాల పని బంద్ చేసిన, బండి తుక్కుకు పోయింది. మా అరుగు మీద కూసొని చాయ్ తాగుకుంట మోకాళ్ల నొప్పుల సంగతి చెప్పిండు, ఎండల సంగతి చెప్పిండు. కడకు బండి సంగతి అడిగిండు.

"తాళం ఎట్లుండె అమ్మా, ఆఖరుకు?"

"మంచిగ తిరిగింది. పెన్సిలు పొడి ఊదిన."

"మరి శుక్రవారం?"

"స్టీరింగు నడుమ పెట్టిన. తాళం దిక్కు పోలేదు."

నవ్విండు. పండ్లు రెండు లేవు. దాని పానం స్టీరింగుల గూడ ఉంటదిలే అమ్మా, అన్నడు. అంతకుమించి మేమిద్దరం ఆ సంగతి ఎన్నడు మాట్లాడుకోలేదు.

మా ఇంట్ల ఏ వస్తువు ఉత్తగ ఉండదు. చినిగిన చీర బొంత అయితది, పాత డబ్బా మొక్కకు కుండీ అయితది, అమ్మిన సైకిలు తాళంచెవి గూడ గోడకు మేకు లెక్క కొట్టిన. ఆ పిన్నీసు మాత్రం దేవుని గూట్లె, పసుపు గిన్నె పక్కన ఉన్నది. మా మనుమరాలు ఓణీ చెంగు ఊడితే దాన్ని తీసుకపోబోయింది. వద్దన్న. నా ఇంట్ల పని చెప్పకుండ పెట్టుకున్న వస్తువు అదొక్కటే.